పేపరక్క ఇచ్చిన సాక్ష్యం

చెన్నేకొత్తపల్లి నుంచి ఆరు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే చిన్న పల్లె ఉషారాణిది. తండ్రి ఓబన్నకు నలభై గొర్రెలు, వాన పడితే పండే నాలుగెకరాల చేను. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. 1998లో పెనుకొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు ఒక దినపత్రికకు ఉత్తరం రాసింది. పొద్దున బస్సు తమ పల్లె దగ్గర ఆగడం లేదని, పరీక్ష రోజున ముగ్గురు ఆడపిల్లలు హైవే దాకా పరిగెత్తాల్సి వచ్చిందని అందులో ఉంది. బస్సు నంబరు, అది వచ్చిన టైము, ఏ ఏ తేదీల్లో ఆపకుండా పోయిందో అన్నీ రాసింది.

వారం తర్వాత ఆ ఉత్తరం చేతిలో పట్టుకొని ఒకాయన కాలేజీకి వచ్చాడు. పేరు దుర్గాప్రసాద్. పెనుకొండ బస్టాండు ఎదురుగా జెరాక్స్ అంగడి నడుపుతూ, ఆ పత్రికకు విలేకరిగా పనిచేస్తున్నాడు. అప్పటికి ముప్పై ఎనిమిదేళ్లు ఉంటాయి.

"ఈ తేదీలన్నీ నువ్వే రాసి పెట్టుకొంటివా?" అని అడిగాడు.

"అవునన్నా. నోటుబుక్కు వెనక పేజీలో."

"ఎందుకు రాసుకొంటివి?"

"ఎప్పుడన్నా ఎవరన్నా అడుగుతారేమోనని."

"అడిగితిని కదా ఇప్పుడు" అని నవ్వాడాయన. ఆ నెలాఖరుకు చెన్నేకొత్తపల్లి మండలం వార్తలు రాసే పని ఆమెకు అప్పగించాడు. ఆడపిల్ల విలేకరి ఏమిటని అనంతపురం ఆఫీసు డెస్కులో ఎవరో అడిగితే, "వార్తకు మీసాలుండవు సార్" అని ఫోనులోనే జవాబు చెప్పాడని తర్వాత ఆయన భార్య రామలక్ష్మమ్మ చెప్పింది.

అప్పట్లో వార్తలు తెల్లకాగితం మీద రాసి, కవరులో పెట్టి, అనంతపురం పోయే బస్సు డ్రైవరు చేతికి ఇచ్చేవాళ్లు. సాయంత్రం నాలుగింటి బస్సు తప్పిపోతే ఆ రోజు వార్త తప్పిపోయినట్టే. ఉషారాణి మధ్యాహ్నం దాకా పల్లెలు తిరిగి, జెరాక్స్ అంగడి బల్ల మీద కూర్చొని రాసేది. దుర్గాప్రసాద్ ఎర్రపెన్నుతో కొట్టేసేవాడు. "వార్తలో నువ్వు కనపడకూడదు మా. జరిగింది కనపడల్ల" అనేవాడు. గోరంట్ల దారిలో లారీ కింద పడి చనిపోయిన ఒకామె ఇంటిపేరు ఉషారాణి తప్పు రాస్తే, మరునాడు ఆమెను మోటారుసైకిలు ఎక్కించుకొని ఆ ఇంటికి తీసుకుపోయాడు. ఏడుస్తున్న ఆ ఇంటివాళ్ల ముందు నిలబడి ఆమెచేతనే తప్పయిందని చెప్పించాడు.  

ఐదేళ్లకు ఆమె ధర్మవరం స్టాఫ్ రిపోర్టర్ అయింది. మగ్గాల చప్పుడు ఆగని వీధుల్లో అద్దెకుంటూ, అక్కడే రైల్వేలో పనిచేసే రఘునాథ్‌ను పెళ్లి చేసుకుంది. ఒక కూతురు పుట్టింది, పేరు చందన. పట్టునూలుకు రంగులద్దే షెడ్డు ఒకటి మురికినీళ్లను నేరుగా గుంతలోకి వదిలితే, ఆ నీళ్లు ఊరి బోర్లలోకి దిగి పిల్లలకు దద్దుర్లు లేచాయి. ఉషారాణి పదకొండు రోజులు వరసగా రాసింది. ఏడోరోజు షెడ్డు యజమాని మనుషులు ఇద్దరు పల్లెకు పోయి, గొర్రెలదొడ్డి దగ్గర ఓబన్నను పట్టుకున్నారు. బిడ్డకు బుద్ధి చెప్పమన్నారు.

"నా బిడ్డ రాసింది అబద్ధమైతే చెప్పప్పా, నేనే వచ్చి మాన్పిస్తా" అన్నాడట ఓబన్న. "నిజమైతే నా దగ్గరికెందుకు వస్తిరి? దొడ్డికి అడ్డం లేయి, గొర్రెలు లోపలికి పోవల్ల."

షెడ్డు మూతపడింది. అప్పటినుంచి ధర్మవరంలో ఆమెను అందరూ పేపరక్క అనేవాళ్లు. హిందూపురం డివిజన్‌కు ఇన్‌చార్జిగా పంపినప్పుడు అక్కడ చింతపండు మార్కెట్లో మాట్లాడే కన్నడం కూడా ఆర్నెల్లలో పట్టేసింది. 2018లో అనంతపురం ఎడిషన్ మొత్తానికి ఆమెనే ఇన్‌చార్జిని చేశారు. ఆ కుర్చీలో అంతకుముందు ఆడమనిషి కూర్చోలేదు. ధర్మవరం నుంచి రోజూ రైల్లో పోయి వచ్చేది. మొదటిరోజు కుర్చీలో కూర్చోగానే పెనుకొండకు ఫోన్ చేసింది.

"కుర్చీ ఎట్లుండాది?" అని అడిగాడు దుర్గాప్రసాద్.

"చక్రాలుండాయన్నా. కాలు ఆనడం లేదు."

"ఆనేటట్టు చూసుకో మా" అన్నాడు.

రెండేళ్లు బాగానే గడిచాయి. తర్వాత కరోనా వచ్చింది. ప్రకటనలు ఆగిపోయాయి, జిల్లా పేజీలు పన్నెండు నుంచి నాలుగుకు పడిపోయాయి. జూన్ నెలలో ఒక ఉదయం యూనిట్ మేనేజర్ రాజశేఖర్ ఆమె గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. మనిషి మంచివాడే, మాట మెత్తన.

"మేడం, మండలాల్లో పంతొమ్మిది మందిని తగ్గించమంటున్నారు పైనుంచి. పేర్లు మీరే ఇవ్వాల."

"నేను ఇవ్వనంటే?"

"ఇంకెవరో ఇస్తారు. వాళ్లకు ఎవరు పని చేస్తారో, ఎవరు చేయరో తెలీదు. మీకు తెలుసు."

ఆ మాటను పట్టుకొనే ఆమె మనసుకు సర్ది చెప్పుకుంది. తాను రాస్తే కనీసం న్యాయంగా రాస్తానని అనుకుంది. ఆరు నెలల్లో ఎవరు ఎన్ని వార్తలు పంపారో లెక్క తెప్పించింది. ఆ కాగితంలో పెనుకొండ కింది నుంచి నాలుగోది. దుర్గాప్రసాద్‌కు అరవై ఏళ్లు వచ్చాయి. ఫోనులో టైపు చేయడం ఆయనకు చేతకాదు. కాగితం మీద రాసి ఫొటో తీసి పంపేవాడు, డెస్కులో పిల్లలు విసుక్కొనేవాళ్లు. ఆయన పేరు వదిలిపెట్టి మిగతావాళ్లవి రాస్తే, తన గురువు కాబట్టి ఉంచుకుందని అంటారు. రెండు రోజులు ఆ జాబితాను సంచిలో మోసింది. మూడోరోజు పద్నాలుగో పేరుగా ఆయన పేరు రాసింది.

మిగతా పద్దెనిమిది మందికి ఫోనులో చెప్పింది. ఒకరిద్దరు ఏడ్చారు, ఒకతను బూతులు తిట్టాడు. పెనుకొండకు మాత్రం తానే పోయింది. దుర్గాప్రసాద్ అంగడి సగం షట్టరు దించి లోపల కూర్చొని ఉన్నాడు. రామలక్ష్మమ్మ టీ పెట్టి తెచ్చింది. ఆయనా ఉషారాణీ మాస్కులు గడ్డం కిందికి లాక్కొని టీ తాగారు. ఆయనకు అప్పటికే సంగతి తెలిసిందని మొహం చూడగానే ఆమెకు అర్థమైంది.

"పేర్లు రాసింది ఎవరు?" అన్నాడు.

"నేనేనన్నా."

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఇరవై ఏడేళ్లు" అని ఒక్కమాట అన్నాడు, అదీ తనతో తాను అనుకున్నట్టు. తర్వాత డ్రాయరు తెరిచి పత్రిక ఇచ్చిన గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ప్రభుత్వం ఇచ్చే అక్రిడిటేషన్ కార్డు కూడా దాని పక్కనే పెట్టాడు. పత్రిక లేకపోతే అదీ చెల్లదు.

"ఇవి నీ దగ్గరే ఉండనీ అన్నా, ఎవరూ అడగలేదు" అంది ఉషారాణి.

"అడగకముందే ఇస్తే మర్యాదగా ఉంటాది" అన్నాడు.

రామలక్ష్మమ్మ ఖాళీ గ్లాసులు తీసుకుపోయింది కానీ, ఎప్పటిలా మళ్లీ వచ్చి కూర్చోలేదు. లోపల పంపు తిప్పి గ్లాసులు కడుగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. ఉషారాణి కారెక్కి చెన్నేకొత్తపల్లి దాటేదాకా ఏడవలేదు. దాటాక డ్రైవరును ఆపమని, నీళ్లు తాగాలని చెప్పి దిగింది.

దుర్గాప్రసాద్ ఊరికే కూర్చొనే మనిషి కాదు. ఏడాది తిరక్కముందే ఫోనులో వీడియోలు తీయడం నేర్చుకున్నాడు. రామలక్ష్మమ్మ ఫోను పట్టుకొనేది, ఆయన చేతిలో కాగితం చూసి చదివేవాడు. కాలవలు, రేషను, ఆసుపత్రిలో డాక్టరు లేకపోవడం, ఇట్లాంటివి యూట్యూబులో పెట్టేవాడు. చూసేవాళ్లు నాలుగైదు వందలకు మించి ఉండరు. ఉషారాణి మాత్రం రైల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ప్రతి ఒక్కటీ చూసేది. ఫోన్ మాత్రం చేయలేదు. ఆయనా చేయలేదు.

2022 చివర్లో గోరంట్ల వైపు ఒక పల్లె పక్కనున్న గుట్టను క్వారీవాళ్లు పేల్చడం మొదలుపెట్టారు. బడి గోడలు బీటలు వారాయి. పిల్లలను చెట్టు కింద కూర్చోబెట్టి చదివిస్తున్నారు. దుర్గాప్రసాద్ అక్కడికి మూడుసార్లు పోయాడు. మొదటి రెండు వీడియోలు బీటలు చూపించాయి. మూడోది, బడి నడిచే వేళలోనే పేలుడు జరిగినట్టు గడియారంతో సహా చూపించింది. ఆ వీడియో లక్ష మంది చూశారు. నాలుగోరోజు ఆయన్ను పోలీసులు ఇంటి దగ్గర నుంచి తీసుకుపోయారు. విలేకరినని చెప్పి బెదిరించి యాభై వేలు అడిగాడని క్వారీ మేనేజరు ఫిర్యాదు ఇచ్చాడు.

ఆ సాయంత్రం ఏడు గంటలకు మూడో పేజీ ప్రూఫు ఉషారాణి టేబుల్ మీదికి వచ్చింది. రెండు కాలమ్‌ల బాక్సు, పైన హెడ్డింగు: 'నకిలీ విలేకరి అరెస్టు'. కింద ఉన్నది పోలీసుల ప్రెస్‌నోట్ ఉన్నదున్నట్టు. పంపింది హిందూపురం రిపోర్టర్ కీర్తన. చేరి ఏడాది కాలేదు. దుర్గాప్రసాద్ ఎవరో ఆ అమ్మాయికి తెలియదు.

ఉషారాణి పెన్ను తీసి 'నకిలీ' అన్న మాటను కొట్టేసింది. 'మాజీ' అని రాయబోయి ఆగి, రాజశేఖర్‌కు ఫోన్ చేసింది.

"ఆయన ఇరవై ఏడేళ్లు మన విలేకరి. మనమే నకిలీ అంటే ఎట్ల?"

"మనవాడని వేస్తే, మన పేపరు పేరుతో డబ్బులు అడిగినాడని వాళ్లు మనమీదికి వస్తారు మేడం. ఆయనకు మనం అపాయింట్‌మెంట్ ఇచ్చినామా? లేదు. జీతం ఇచ్చినామా? అచ్చయిన వార్తకు సెంటీమీటర్ల లెక్కన కొలిచి ఇచ్చినాం. కాగితాల్లో ఆయన మనవాడు కాదు." పైగా, "క్వారీవాళ్లు మనకు ఎన్ని ప్రకటనలు ఇస్తారో మీకు తెలుసు" అన్నాడు.

ఆమె ఆ బాక్సును మొత్తం తీసేయించింది. ఆ చోట పూల ప్రదర్శన ఫొటో పెట్టమంది. తెల్లవారి మిగతా పత్రికలన్నీ నకిలీ విలేకరి అని వేశాయి. తన పత్రికలో ఆ వార్తే లేదు. ఆయన పేరును ఆ మాట పక్కన పడకుండా కాపాడానని ఆ రాత్రి ధర్మవరంలో రైలు దిగేదాకా అనుకుంటూ పోయింది. ఇల్లు చేరేసరికి అరుగు మీద రామలక్ష్మమ్మ కూర్చొని ఉంది. పెనుకొండ నుంచి ఒక్కతే బస్సులో వచ్చింది.

"లోపలికి రా వదినా."

"ఈడనే కూర్చుంటాలే." చేతిలో పత్రిక మడత ఉంది. "పొద్దున్నుంచి నాలుగుసార్లు తిప్పితి. నాకు చదువు తక్కువ గదా, యాడన్నా చిన్నగా వేసినారేమో, నాకు కనపడలేదేమో అనుకొంటి. లేదంట కదా."

ఉషారాణి ఆమె పక్కనే అరుగు మీద కూర్చుంది.

"మంచిగా రాయమని అడగను మా. దొంగ కాదని నువ్వెట్ల రాస్తావు, నువ్వు చూసినావా ఏమన్నా? ఈయన మా దగ్గర పనిచేసినాడు అని ఒక కాగితం ఇయ్యి. లాయరమ్మ అడుగుతాండాది. నకిలీ కాదని చూపిస్తే బెయిలు వస్తాదంట."

మరునాడు ఉషారాణి హైదరాబాదుకు మెయిల్ పెట్టింది, మధ్యాహ్నం ఫోన్ చేసింది. ఆ పేరుతో తమ రికార్డుల్లో ఎవరూ లేరని సాయంత్రానికి జవాబు వచ్చింది. మెయిల్‌లో అక్షరం తప్పు లేదు. ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. పెనుకొండ పేరుతో ఇరవై ఏడేళ్లు వచ్చిన వార్తల్లో ఎక్కడా ఆయన పేరు అచ్చు కాలేదు. మండల విలేకరులకు ఆ మర్యాద లేదు. ఆయన ఇచ్చేసిన రెండు కార్డులనూ ఆమే ఆఫీసుకు అప్పగించింది. అవి ఏ చెత్తబుట్టలో పడ్డాయో ఎవరికీ తెలియదు.

ఆ ఆదివారం రఘునాథ్‌తో చెప్పింది. "నేను పోయి ప్రమాణం చేసి చెప్తే?"

"ఏమని?"

"ఆయన కిందే పని నేర్చుకొన్యానని. ఆయన్ను తీసేసింది నేనేనని. లేని మనిషిని ఎట్ల తీసేస్తామని అడుగుతారు కదా కోర్టులో."

రఘునాథ్ చందన గది వైపు చూశాడు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది. "ఉద్యోగం పోతాది" అన్నాడు.

"పోతాదేమో."

"పోతే పోతాదని నేను అనలేను ఉషా. పోవద్దని కూడా అనలేను" అని లేచి నీళ్లు తాగి వచ్చాడు.

పెనుకొండ కోర్టులో న్యాయవాది సుధ అఫిడవిట్ తయారుచేసింది. ఉషారాణి తన పేరు, హోదా, పత్రిక పేరు అన్నీ రాయించింది. పత్రిక పేరు తీసేస్తే మీకు ఇబ్బంది తక్కువ ఉంటుందని సుధ అంది. తీసేస్తే కాగితానికి బలం ఉండదు కదా అని ఉషారాణి అడిగింది. ఉండదని సుధ ఒప్పుకుంది. 1998 నుంచి ఆయన దగ్గర పని నేర్చుకున్నానని, 2020 జూన్‌లో తొలగించిన విలేకరుల జాబితా తన చేతిరాతేనని, అందులో పద్నాలుగో పేరు ఆయనదని రాసి సంతకం పెట్టింది. జాబితా నకలు కూడా జతచేసింది. తాను సిగ్గుపడే ఆ కాగితం ఒక్కటే ఆయన విలేకరి అనడానికి మిగిలిన రుజువు.

పదమూడోరోజు బెయిలు వచ్చింది. ఉషారాణి సబ్‌జైలు బయట రోడ్డుకు అవతల నిలబడింది. దుర్గాప్రసాద్ గడ్డం పెరిగి, చెప్పులు చేతిలో పట్టుకొని వచ్చాడు. ఒక చెప్పు తెగింది. భార్యను పలకరించి, రోడ్డు దాటి ఈమె దగ్గరికే వచ్చాడు.

"సుధమ్మ చెప్పింది. చేయాల్సింది చేసినావు" అన్నాడు. తెగిన చెప్పును కింద వేశాడు. "నన్ను తీసేసినపుడు నాకు కోపం రాలేదు మా. నీ కుర్చీలో నేనుంటే నేనూ రాసేవాణ్నేమో. కానీ లోపల పొద్దున్నే పేపర్లన్నీ వస్తాయి. ఆ పొద్దు అన్నిట్లో నన్ను దొంగ అని రాసినారు. మన దాంట్లో వెతికితిని. నువ్వు ఏం రాసింటావో చూద్దామని. ఏమీ ల్యా."

"నకిలీ అని పడకూడదని తీసేస్తినన్నా."

"తెలుసు. జరిగింది రాయకపోతివి."  రామలక్ష్మమ్మ ఆటో పిలిచింది.

అఫిడవిట్ సంగతి హైదరాబాదు చేరడానికి రెండు రోజులు పట్టింది. ఎవరూ తిట్టలేదు, వివరణ అడగలేదు. మూడు వారాల తర్వాత ఆమెకు పదోన్నతి ఇచ్చారు. హైదరాబాదు ప్రధాన కార్యాలయంలో శిక్షణ విభాగం అధిపతి, పాతదానికంటే పెద్ద హోదా. ఆమె చేతి కింద పేజీ లేదు, వార్త లేదు, సంవత్సరానికి రెండుసార్లు కొత్తగా చేరేవాళ్లకు పాఠాలు చెప్పాలి. రాజశేఖర్ పూలగుచ్ఛం ఇచ్చి ఫొటో తీయించాడు. మానేయాలని ఆమె రెండుసార్లు రాజీనామా రాసింది. చందన చదువు ఇంకా నాలుగేళ్లుంది, రఘునాథ్ ఒక్కడి జీతంతో సాగదు. రెండుసార్లూ చించేసింది. దాని గురించి ఆమె ఎవరితోనూ గొప్పగా చెప్పుకోలేదు, బాధపడుతూ కూడా చెప్పుకోలేదు.

కేసు రెండేళ్లు నడిచింది. సాక్షిగా పిలిచినప్పుడల్లా హైదరాబాదు నుంచి ధర్మవరం దాకా రైల్లో, అక్కడి నుంచి బస్సులో పెనుకొండ వచ్చేది. బోనులో నిలబడిన రోజు అవతలి న్యాయవాది అడిగాడు.

"మీ చేతిరాత జాబితా కాకుండా, ఆయన తమ ఉద్యోగి అని మీ సంస్థ ఇచ్చిన కాగితం ఒకటైనా చూపించగలరా?"

"లేదు సార్."

"మీరు ఇప్పటికీ అదే సంస్థలో పెద్ద హోదాలో ఉన్నారు. మీ సంస్థ లేడంటుంది, మీరు ఉన్నాడంటారు. ఎవరిని నమ్మాలి?"

"ఇద్దరినీ నమ్మొచ్చు సార్" అంది ఉషారాణి. "ఆయన పనిచేసినాడు. మేము రాసుకోలేదు."

డబ్బులు అడిగాడని క్వారీ మేనేజరు చెప్పిన రోజున, చెప్పిన వేళకు దుర్గాప్రసాద్ హిందూపురంలో ఒక కంటి ఆసుపత్రిలో ఉన్నాడు. అక్కడి చీటీ దొరకడంతో ఫిర్యాదు నిలబడలేదు. 2024 నవంబరులో కేసు కొట్టేశారు. ఆ రోజు కోర్టు మెట్ల మీద నలుగురైదుగురు విలేకరులు ఉన్నారు, వాళ్లలో కీర్తన ఒకతి. ఆ అమ్మాయి ఆయన దగ్గరికి పోయి, ఆ మొదటి వార్త పంపింది నేనే సార్ అని చెప్పి తలవంచుకుంది. ఆయన ఆమె భుజం తట్టి, "ప్రెస్‌నోట్ పంపితివి. ఆ పల్లెకు ఒకసారి పోయి రా తల్లీ, పిల్లోళ్లు ఇంకా చెట్టు కిందనే ఉండారు" అన్నాడు.

కీర్తన మరునాడే పోయింది. ఆమె రాసిన వార్త తొమ్మిదో పేజీలో సగానికి తగ్గి వచ్చింది. క్వారీ అప్పటికే వేరే గుట్టకు మారింది.

కోర్టు రోజు సాయంత్రం ఉషారాణి జెరాక్స్ అంగడి దాకా ఆయనతో నడిచింది. అంగడిలో ఇప్పుడు ఆధార్ కార్డులకు లామినేషన్ కూడా వేస్తున్నారు. రామలక్ష్మమ్మ టీ పెట్టింది, ఈసారి తనూ ఒక గ్లాసు తెచ్చుకొని కూర్చుంది. వీడియోలు మళ్లీ తీస్తావా అని ఉషారాణి అడిగింది. కళ్లు ఆనడం లేదు అన్నాడు దుర్గాప్రసాద్.

"నా మీద కోపం పోయిందా అన్నా?" అని ఆమె అడిగేసింది.

ఆయన అబద్ధం చెప్పడం ఇష్టం లేనట్టు ఆలోచించాడు.

"నీ మీద ఏమీ లేదు మా. పేపరు చదవడం మాత్రం మానేసినా" అన్నాడు.

ఉషారాణి తల ఊపింది. ఆరున్నర బస్సుకు టైమయిందని రామలక్ష్మమ్మ గుర్తుచేస్తే లేచి బస్టాండులోకి నడిచింది. మరుసటి వారం కొత్తగా చేరిన ముప్పై ఒక్క మంది మండల విలేకరులకు ఆమె పాఠం మొదలుకావాలి. వాళ్లలో ఒక్కరికీ నియామకపత్రం ఇవ్వలేదని, ఇవ్వమని తాను పంపిన నాలుగు మెయిళ్లకు జవాబు రాలేదని ఆమెకు తెలుసు. ధర్మవరం పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చొని, ఫోను తీసి ఐదోది రాయడం మొదలుపెట్టింది.